సగటు పాదం

సగటు మనిషి గురించి వినని వాళ్లు లేరు, ఆయన్ని కళ్లారా చూసిన వాళ్లూ లేరు. ఆయన ఎక్కడ ఉంటాడో, ఏం తింటాడో పత్రికల వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. అటువంటి మహానుభావుడి పాదం కొలిచి, దానికి బూట్లు కుట్టించిన ఘనత మాత్రం జిల్లా పాదరక్షల పంపిణీ విభాగం ఉపసంచాలకులు శ్రీ దక్షిణామూర్తి గారికే దక్కింది.

అంతకుముందు ఏడాది బడిపిల్లలకు బూట్లు పంచినప్పుడు పెద్ద రభస జరిగింది. చిన్నవీ పెద్దవీ అన్ని సైజులూ ఒకే లారీలో కలిసిపోయి వచ్చాయి. వాటిని వేరు చెయ్యలేక గుమాస్తాలు మూకుమ్మడిగా జ్వరాలు తెచ్చుకున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే దక్షిణామూర్తి గారు ఒక పెద్ద హోటల్లో గణాంకాల మీద శిక్షణకు వెళ్లారు. వెళ్లేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు ఒక సంచీ, ఒక పెన్ను, సగటు అనే మాట పట్టుకొచ్చారు. సంచీని వాళ్లావిడ కూరలకు వాడుకుంది. పెన్ను వారం తిరక్కుండానే కక్కడం మొదలుపెట్టింది. సగటు ఒక్కటే మన్నింది.

వెంటనే జిల్లాలోని హైస్కూలు పిల్లలందరి పాదాలూ కొలిపించి, కూడించి, భాగించారు. ఐదు వచ్చింది. ఇంకేం, జిల్లా అంతటికీ ఐదో నంబరు బూట్లే తెప్పించారు. వేరు చేసే పని లేకపోవడంతో లారీ ఒక్క పూటలో ఖాళీ అయింది. గుమాస్తాలకు జ్వరాలు తగ్గాయి.

ఆ బూట్లు కొంగలవాగు హైస్కూలుకు చేరినప్పుడు పంచే పని వ్యాయామ ఉపాధ్యాయిని దీవెన మీద పడింది. దీవెన టీచరుకు కోపం వస్తే ఈల ఊదుతుంది, మరీ కోపం వస్తే నవ్వుతుంది. ఆ రోజు రెండు గంటలు ఈల ఊది, ఆ తరవాత నవ్వింది. ఆరో తరగతి పిల్లలు బూట్లలో కాళ్లు పెట్టి నడిస్తే కాళ్లు ముందుకు వెళ్తున్నాయి, బూట్లు వెనకే ఉంటున్నాయి. పదో తరగతి పిల్లలకు అసలు కాళ్లే దూరడం లేదు.

"టీచర్, బొటనేలు పట్టింది. మిగతా కాలు ఏడ బెట్టుకోమంటారు?" అని అడిగింది మస్తాన్‌బీ.

మస్తాన్‌బీది తొమ్మిదో నంబరు పాదం. ఆ పాదాలతో ఆ పిల్ల ఖో-ఖో ఆడుతుంటే చూడ్డానికి ఊళ్లో వాళ్లు పనులు మానుకుని గోడెక్కి కూర్చునేవాళ్లు. స్తంభం పట్టుకుని మలుపు తిరిగిందంటే ఇక ఆ మలుపులో ఎవరికీ దొరకదు, ఎవరినీ వదలదు. వాళ్లమ్మ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీస్తుంది. "పది అయితే చాల్లే టీచరమ్మా, నాతో పాటు ఒక చెయ్యి కలుస్తది" అని ఆవిడ ఎప్పుడో తేల్చేసింది. ఆ చెయ్యి మిరపకాయల్లోకి పోకుండా ఆపడానికి దీవెనకు కనిపించిన దారి ఒక్కటే. ఈ ఏడు జిల్లా ఫైనల్ గెలిచిన జట్టులోంచి ఒక పిల్లను క్రీడా పాఠశాలలో చేర్చుకుంటారట. చదువూ తిండీ అన్నీ వాళ్లవే. కొంగలవాగు గెలిస్తే ఆ పిల్ల ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

గెలుస్తుంది కూడా, బూట్లు లేకపోతే. కానీ ఆ పంచిన బూట్లు వేసుకోకుండా ఏ పిల్లా మైదానంలోకి దిగరాదని ఉత్తర్వు వచ్చింది. దీవెన ఆ ఉత్తర్వు పట్టుకుని జిల్లా ఆఫీసుకు బయలుదేరింది.

దక్షిణామూర్తి గారు ఆమెను ఆదరంగా కూర్చోబెట్టి, టీ చెప్పి, సంగతి విన్నారు.

"ఎంతమందికి వదులయ్యాయమ్మా?"

"సగం మందికి సార్. పిల్ల ఒక దారిన, బూటు ఒక దారిన పోతన్నారు."

"బిగువు?"

"మిగతా సగం మందికి."

దక్షిణామూర్తి గారి ముఖం చాటంత అయింది. "చూశారా! వదులు అనేది ధనాత్మకం, బిగువు అనేది రుణాత్మకం. రెండింటినీ కలిపితే ఏమొస్తుంది?"

"బొబ్బలొస్తయ్ సార్."

"సున్నా వస్తుందమ్మా! గణాంకశాస్త్రానుసారం మీ పాఠశాలలో నికర అసౌకర్యం శూన్యం. ఇంత కచ్చితమైన శూన్యం జిల్లాలో మరే పాఠశాలలోనూ రాలేదు. మీకు ప్రశంసాపత్రం ఇప్పిస్తాను."

ఇంతలో టీ వచ్చింది. దక్షిణామూర్తి గారు ఒక గుక్క తాగి మొహం చిట్లించారు. "ఏమిటయ్యా, ఇందులో పంచదార వెయ్యలేదే!"

దీవెన తన కప్పులో చెంచా తిప్పి చూసింది. అడుగున పాకం తగిలింది. "మీ పంచదార కూడా నా దాంట్లోనే ఉంది సార్. సగటున సరిపోయింది" అంది.

ఆయన ఆ మాటను రెండు క్షణాలు పరిశీలించారు. "టీ ఈ పథకం పరిధిలోకి రాదమ్మా" అని, ఇంకా ఎంగిలి కాని ఆమె కప్పును తన వైపు జరుపుకున్నారు.

దీవెన టీ తాగకుండానే బస్సెక్కింది.

ఆ వారంలోనే ఒక ఉత్తర్వు వచ్చింది. "ఇందుమూలముగా యావన్మంది ప్రధానోపాధ్యాయులకు తెలియజేయునది ఏమనగా, పథకపు బూటు సగటుకు అనుగుణముగా ఉన్నదని నిర్ధారణ అయినందున, లోపము పాదముల యందే యున్నట్లు భావించవలెను. ఐదో నంబరు గాని పాదములను విచలన పాదములుగా గుర్తించి, సవరణ శిబిరములకు పంపవలెను."

శిబిరం కొంగలవాగు పంచాయతీ ఆఫీసు వరండాలో పెట్టారు. చిన్న పాదాల పిల్లలకు నువ్వుల నూనె రాసి వేళ్లు లాగారు. పెద్ద పాదాల పిల్లల కాళ్లు ఐసు నీళ్లలో ముంచి కూర్చోబెట్టారు. చల్లదనానికి వస్తువులు కుంచించుకుపోతాయని ఎనిమిదో తరగతి భౌతికశాస్త్రంలో ఉంది కదా. అది ఎండాకాలం కావడం వల్ల ఐసు నీళ్ల వరసలో కూర్చోడానికి చిన్న పాదాల పిల్లలు కూడా ఎగబడ్డారు. కూర్చున్న వాళ్లందరికీ అరటిపండు కూడా ఇచ్చారు. సాయంత్రానికి పాదాలు మళ్లీ కొలిస్తే ఎవరిది వాళ్లదే. అయితే లెక్కలో మాత్రం ఎంతో పురోగతి కనిపించింది, ఎందుకంటే శిబిరం తరవాత కూడా సగటు సరిగ్గా ఐదే వచ్చింది.

ఆ పైన ఊరూరా గోడల మీద ప్రకటనలు వెలిశాయి. "పథకపు బూట్లు తొడుక్కుని పరుగెత్తిన బాలబాలికలలో ఇంతవరకు ఏ ఒక్కరికీ గాయం కాలేదు!" దీవెన అది చదివి ఫోన్ చేసింది.

"సార్, ఎంతమంది పిల్లలు పరిగెత్తారు?"

"ఎవ్వరూ పరుగెత్తలేదమ్మా. ఎలా పరుగెత్తుతారు? అందుకే కదా గాయాలు లేనిది. ప్రకటనలో ఒక్క అక్షరం అబద్ధం లేదు, న్యాయసలహా కూడా తీసుకున్నాం."

"అట్టయితే, ఈ బూట్లేసుకుని పరిగెత్తిన పిల్లలందరికీ కాళ్లిరిగినయ్ అని రాసినా అబద్ధం గాదు గదా సార్? పరిగెత్తి, కాలు ఇరక్కుండా వచ్చిన పిల్లను ఒక్కదాన్ని చూపించండి."

దక్షిణామూర్తి గారు, "అది ప్రతికూల దృక్పథం" అని పెట్టేశారు.

ఇక ఆయన్ని పట్టుకోగలిగిన వాళ్లు లేకపోయారు. ప్రధానోపాధ్యాయుల సమావేశంలో వచ్చే ఏటి బూటు నమూనా చూపించారు. అది ఎటూ వంపు లేకుండా చెక్కపలక మాదిరి తిన్నగా ఉంది. "జిల్లాలో ఎడమ పాదాలు ఎన్ని ఉన్నాయో కుడి పాదాలూ అన్నే ఉన్నాయి. అంటే సగటు పాదం ఎడమా కాదు, కుడీ కాదు. ఇన్నేళ్లూ మనం రెండు రకాలు కుట్టించి ప్రజాధనం వృథా చేశాం" అన్నారు. కొంగలవాగు హెడ్మాస్టరు పున్నారెడ్డి గారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి, బడికొచ్చి దీవెనతో, "అమ్మా, నాకు రిటైర్మెంటు దగ్గర పడింది. నువ్వు నన్ను ఇందులోకి లాగబాక" అని చేతులు జోడించారు.

ఆ సమావేశంలోనే మరో తీర్మానం జరిగింది. జిల్లా క్రీడోత్సవాల విజయానికి మూలం బూట్లు గనుక, బూట్లకు మూలం తాను గనుక, దక్షిణామూర్తి గారు ప్రతి జట్టులోనూ గౌరవ సభ్యులుగా ఉంటారు. సర్టిఫికెట్ల మీద ఆయన పేరు, జట్టు ఫోటోలో ఆయన బొమ్మ ఉండవలెను. పున్నారెడ్డి గారు ఆ వార్త చెప్పినప్పుడు దీవెన నవ్వింది. మరీ కోపం వస్తే ఆమె నవ్వుతుందని ముందే చెప్పుకున్నాం.

మైదానంలో సాధన చూస్తే ఏడుపొచ్చేలా ఉంది. మస్తాన్‌బీ బూట్ల మడమలు అణగదొక్కి, వేళ్లు మాత్రం దూర్చి, చెప్పుల్లా ఈడ్చుకుంటూ స్తంభం దగ్గర మలుపు తిరగబోయి బోర్లా పడింది. మోకాలి చిప్ప దులుపుకుంటూ, "టీచర్, నేను తొడిమలు బాగానే తీస్తాలే. మా అమ్మకంటే జోరుగా తీస్తా" అంది. నవ్వుతూనే అంది. దీవెన మాత్రం ఆ రాత్రి వచ్చిన ఉత్తర్వులన్నీ ముందేసుకుని కూర్చుంది.

మర్నాడు ఆమె మళ్లీ జిల్లా ఆఫీసుకు వెళ్లింది. ఈసారి ఫిర్యాదు చెయ్యలేదు. వినయంగా నిలబడింది.

"సార్, మీ పథకానికి ఒక గండం ఉంది. చెప్పకపోతే తప్పనిపించి వచ్చాను."

"ఏమిటది?"

"ప్రతి పిల్లా బూట్లేసుకోవాలని గదా ఉత్తర్వు. రేపు ఏ పిల్లకో కాలికి కట్టుంటది, బూటు పట్టదు. అప్పుడా జట్టు నూటికి నూరు రాదు. ఆ జట్టు తగ్గితే జిల్లా తగ్గుద్ది. ఫైనల్‌కి కమిషనర్ మేడం గారు వస్తన్నారంట."

దక్షిణామూర్తి గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "మరేం చేద్దామంటారు?"

"నాకేం తెలుసు సార్? మీరు సగటులో పండినోళ్లు. ఒక పిల్లకి లేకపోయినా ఇంకో పిల్లకి రెండు జతలుంటే, సగటున..."

ఆమె మాట పూర్తి కాకుండానే ఆయన కుర్చీలోంచి లేచారు. కళ్లు మెరిశాయి. అక్కడికక్కడే సవరణ చెప్పి రాయించారు. "జట్టులోని సభ్యుల శరీరముపై సగటున ఒక్కొక్కరికి ఒక జత చొప్పున పథకపు బూట్లు ధరించబడి యుండిన చాలును. ఏ సభ్యుని శరీరముపై ఎన్ని యున్నవి, శరీరమున ఏ భాగముపై యున్నవి అను విషయము అప్రస్తుతము. అయితే ఆట సాగుచున్నంతసేపు సగటు తగ్గరాదు."

"ఇది నాకు ముందే తట్టాల్సింది" అన్నారు.

"తట్టే ఉంటది సార్, పనుల్లో మర్చిపోయుంటారు" అని దీవెన నమస్కారం పెట్టి వచ్చేసింది.

క్రీడోత్సవాల రోజున కొంగలవాగు జట్టు దిగితే జనం విరగబడి చూశారు. ఆడే తొమ్మిది మంది పిల్లలూ ఉత్త కాళ్లతో ఉన్నారు. గీత అవతల కూర్చున్న ముగ్గురు రిజర్వు పిల్లలు మాత్రం కాళ్లకు బూట్లు, చేతులకు బూట్లు, నడుము చుట్టూ లేసులతో కట్టుకున్న బూట్లతో, అంగడి తెరిచినట్టు ఉన్నారు. జట్టంతటివీ, గౌరవ సభ్యుల వారి వాటా జతా, అన్నీ ఆ ముగ్గురి మీదే. బూట్ల తనిఖీకి నియమించిన డ్రాయింగు మాస్టారు వచ్చి లెక్కపెట్టుకుని, సభ్యులతో భాగించి, "సగటు ఒకటి. ఆడుకోండి" అని ఈల ఊదారు.

మస్తాన్‌బీ ఆ రోజు నేల మీద ఆడిందంటే నమ్మలేం. ఒక ఆట గెలిచారు, రెండో ఆట గెలిచారు. మధ్యాహ్నానికి మిగతా జట్లు కూడా కిటుకు పట్టేశాయి. సాయంత్రం ఫైనల్ వేళకి మైదానంలో ఆడేవాళ్లందరూ ఉత్త కాళ్లతో, కూర్చున్న వాళ్లందరూ బూట్ల కొట్లలాగా ఉన్నారు. వేదిక మీద దక్షిణామూర్తి గారు కమిషనర్ మేడం గారికి, "ధారణ సగటు చెక్కు చెదరలేదు మేడం" అని చెవిలో చెబుతున్నారు. ఆవిడకు ఇవేవీ తెలియవు, ఆట మీదే చూపు.

ఫైనల్ ఆఖరి టర్నులో ప్రమాదం వచ్చిపడింది. అవతలి జట్టు పరుగు మనుషులు ఇంకా ఇద్దరు మిగిలి ఉన్నారు. వాళ్లిద్దరినీ పట్టుకుంటేనే గెలుపు. అప్పుడు కొంగలవాగు పిల్ల ఒకతి చీలమండ మడతపడి కూలబడింది. రిజర్వు పిల్ల దిగాలి. దిగాలంటే ఒంటి మీది బూట్లన్నీ విప్పాలి. విప్పేసి ఒక కుప్పగా పోసి పరుగెత్తింది. మరుక్షణం డ్రాయింగు మాస్టారి ఈల మోగింది.

"ఆగాలి! సగటు పడిపోయింది!"

"దెబ్బ తగిలిన పిల్లకి కట్టండి సార్" అంది దీవెన. ప్రథమ చికిత్స డేరాలోంచి, రోగి ఒంటి మీద బరువులు పెట్టరాదని జవాబు వచ్చింది. మిగిలిన ఇద్దరు రిజర్వు పిల్లలకు కాళ్లూ చేతులూ నడుమూ అన్నీ నిండిపోయి ఉన్నాయి. ఖాళీగా ఉన్నది మెడ ఒక్కటే. వాళ్లిద్దరూ ఒక్కసారే మెడలు వెనక్కి లాక్కున్నారు. ఎంత ఆటైనా, చెప్పుల దండ చెప్పుల దండే. తప్పు చేసిన వాడికి వేసి ఊరేగించేది ఆడపిల్లలెలా వేసుకుంటారు?

"ఇటివ్వండి, నా మెళ్లో ఏసుకుంటా" అంది దీవెన. నిజంగానే అంది. మస్తాన్‌బీ కోసం ఆమె అప్పుడు ఎంతకైనా సిద్ధంగానే ఉంది.

డ్రాయింగు మాస్టారు తల అడ్డంగా ఊపారు. "మీరు కోచ్, సిబ్బంది కిందికి వస్తారు. సభ్యుల ఒంటి మీదున్నవే లెక్క."

"మరి ఖాళీగా ఉన్న సభ్యులు ఎవురున్నారయ్యా?"

ఆయన జట్టు పేర్లు పైనుంచి కిందికి చదువుకుంటూ వచ్చారు. చివరి పేరు దగ్గర ఆగి, వేదిక వైపు చూశారు. దీవెన కూడా చూసింది. ఆమె మొహంలోకి మెల్లగా నవ్వు వచ్చింది. ఈసారిది కోపంతో వచ్చిన నవ్వు కాదు.

బూట్లన్నిటినీ లేసులు కలిపి ముడేసుకుని ఆమె వేదిక ఎక్కింది.

"ఏమిటమ్మా ఇది? ఆట ఎందుకు ఆగింది?" అని అడిగారు కమిషనర్ మేడం.

"సగటు పడిపోయింది మేడం. సభ్యుల్లో ఒకరు ఇయ్యి ధరిస్తే లేచి నిలబడుద్ది. ఖాళీగా ఉన్న సభ్యులు సారొక్కరే."

"ఈయన ఖో-ఖో జట్టులో సభ్యులా?"

"గౌరవ సభ్యులు మేడం. ఉత్తర్వు ఉంది."

దక్షిణామూర్తి గారు కమిషనర్ గారిని చూశారు, జనాన్ని చూశారు, ఫోటోల వాళ్లను చూశారు. "చేతుల్లో పట్టుకుంటే..." అన్నారు నీరసంగా.

"ధరించబడి యుండవలెను అని రాశారు సార్" అన్నారు కింద నుంచి డ్రాయింగు మాస్టారు. పాపం, ఆయనకు నియమం అంటే ప్రాణం.

"కొన్ని కాళ్లకు తొడుక్కోండి పోనీ" అన్నారు కమిషనర్ మేడం జాలిపడి.

దక్షిణామూర్తి గారు కుర్చీలో కూర్చుని ప్రయత్నించారు. ఆయనది ఎనిమిదో నంబరు. బొటనవేలు పట్టింది. మిగతా కాలు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకూ తెలియలేదు.

మస్తాన్‌బీ స్తంభం దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఆఖరికి దక్షిణామూర్తి గారు కళ్లు మూసుకుని, తల వంచారు. దీవెన ఎంతో మర్యాదగా, పూలదండ వేసినట్టే వేసింది. జనంలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, తరవాత ఆపినవాళ్లు లేరు. డ్రాయింగు మాస్టారు లెక్కపెట్టి ఈల ఊదారు.

"సగటు ఒకటి! ఆడుకోండి!"

మస్తాన్‌బీ మొదటి పిల్లను నాలుగంగల్లో పట్టేసింది. రెండో పిల్ల స్తంభం చుట్టూ తిరిగింది. తొమ్మిదో నంబరు పాదం నేలను గట్టిగా తన్నింది, చెయ్యి చాచింది, అంతే. గోడల మీద ఉన్న జనం మైదానంలోకి దూకారు.

జట్టు ఫోటోలో గౌరవ సభ్యులు దండతోనే ఉన్నారు. తీసేస్తే ఫోటోలో సగటు తగ్గుతుందని డ్రాయింగు మాస్టారు తీయనివ్వలేదు. పిల్లలు ఆయన్ని మధ్యలో నిలబెట్టుకుని పళ్లికిలించారు. "టీచర్, ఈ బూట్లు మొత్తానికి ఒకరికి సరిపోయినయ్" అంది మస్తాన్‌బీ చెవిలో. మర్నాడు అన్ని పత్రికల్లోనూ ఆ ఫోటోనే. ఆ వారంలో దక్షిణామూర్తి గారు మరో శిక్షణకు వెళ్లిపోయారు. ఈసారి ఏ మాట పట్టుకొస్తారో అని గుమాస్తాలు ముందుగానే సెలవు చీటీలు రాసి పెట్టుకున్నారు.

బడులు తెరిచాక ఒక సాయంత్రం దీవెనకు క్రీడా పాఠశాల నుంచి ఫోన్ వచ్చింది. అవతల మస్తాన్‌బీ గుసగుసగా మాట్లాడుతోంది.

"టీచర్, ఈడ బూట్లిస్తన్నారు. స్టోరు సారు టేపు పట్టుకుని నా ముందర కింద కూచున్నాడు. నీ కాలెంత అని అడగతన్నాడు."

"చెప్పవే మరి!"

మస్తాన్‌బీ ఫోను నోటికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది.

"నా కాలేనా టీచర్ అడిగేది?"